భోజనపు బల్ల, వివాహ బంధం, ఒక ఆపరేషను



గత నెలలో ఒక ఆదివారం సాయంత్రం మన సహవాసంలోని ఒక చెల్లెలు సింగానల్లూరులోని మా ఇంటికి వచ్చింది. భర్త స్కూటరు మీద తీసికొనివచ్చి, వాకిట్లో దింపి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయాడు. ఆమెకు నలభై ఏళ్ళు లోపే. ఇద్దరు పిల్లలు. బరువు నూటపది కిలోలు దాటింది. షుగరు ఉన్నది, మోకాళ్ళ నొప్పి ఉన్నది, రాత్రి నిద్రలో ఊపిరి ఆగినట్లయి ఉలిక్కిపడి లేస్తుంది. కడుపును చిన్నది చేసే ఆపరేషను చేయించుకొమ్మని డాక్టర్లు చెప్పి, వచ్చే నెలకు తేదీ కూడా ఇచ్చారు. ప్రార్థన చేయుమని అడగడానికి వచ్చినదనుకొన్నాము. మా ఇంటివారు కాఫీ తెచ్చి ఇచ్చారు. అది చల్లారేవరకు ఆమె మాట్లాడలేదు. తరువాత మూడు సంగతులు అడిగింది.

"మాస్టారూ, నోరు కట్టుకోలేక కత్తి దగ్గరకు పోతున్నాను. ఇది తప్పు కాదా?"

"ఇకమీదట పిల్లలతో, మా అత్తయ్యతో కూర్చుని అందరిలాగా అన్నం తినగలనా?"

మూడవది అడగడానికి చాలాసేపు పట్టింది. "నేను సన్నబడితే ఆయన నన్ను ఎట్లా చూస్తారో! సన్నబడకపోతే ఎట్లా చూస్తారో!"

కత్తిని గూర్చి గాని, నొప్పిని గూర్చి గాని, ఖర్చును గూర్చి గాని ఆమె ఒక్క మాట అడగలేదు. మందుల సంగతి డాక్టరుగారు చెబుతారు. ఈ మూడు ప్రశ్నలకు మాత్రం ఇంటివారు, సంఘంవారు జవాబు చెప్పుకోవాలి. అందుకే ఆమె అనుమతితో, ఆమె పేరు చెప్పకుండా, ఈ వ్యాసం వ్రాయుచున్నాము.

1. ఇది తప్పా?

ముందుగా మా తప్పు ఒప్పుకోవాలి. కొన్ని సంవత్సరాల క్రితం ఒక కూడికలో ఆశానిగ్రహమును గూర్చి మాట్లాడుతూ, ప్రేమవిందులో కొందరి పళ్ళెములు గోపురాల్లాగా లేస్తున్నవని మేము హాస్యమాడినాము. అందరూ నవ్వారు. ఆనాటి నుండి ఆ చెల్లెలు ప్రేమవిందులో అందరికీ వడ్డించేదే గాని తాను కూర్చుని తినలేదట. ఈ సంగతి మాకు ఆ సాయంత్రమే తెలిసినది. నవ్వినవారు మరచిపోయారు, మేమూ మరచిపోయాము. ఆమె మరువలేదు. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన మొదటి పాఠాలలో ఒకటి, తప్పు చెప్పిన పిల్లవానిని చూచి తరగతి నవ్వకుండా కాచుకోవాలన్నది. ఆ పాఠం బడిలో పాటించాము, సంఘంలో మరచాము. ఆమెను క్షమాపణ అడిగాము.

ఇప్పుడు ఆమె ప్రశ్నకు వస్తాము. ఎక్కువ తినడం వలననే బరువు పెరుగుతుందన్నది సగం మాట. ఎంత ఆకలి వేయవలెనో నిర్ణయించేది మన పట్టుదల ఒక్కటే కాదు. 1999లో జపాను శాస్త్రజ్ఞులు గ్రెలిన్ అను ఒక హార్మోనును కనుగొన్నారు. ఇది ముఖ్యంగా కడుపు పైభాగంలో పుట్టి మెదడుకు ఆకలి కబురు పంపుతుంది. పస్తులుండి బరువు తగ్గించినవారిలో ఈ కబురు ఇంకా బలంగా వెళ్తుంది. పది కిలోలు తగ్గి పన్నెండు కిలోలు పెరిగినవారిని మనం ఎందరినో చూచాము, వారిని సోమరులన్నాము. స్లీవ్ అనే ఆపరేషనులో కడుపులో దాదాపు నాలుగింట మూడు వంతులు తీసివేస్తారు. దానితో కడుపు చిన్నదగుటే కాక ఆ ఆకలి కబురు కూడా తగ్గుతుంది. గ్యాస్ట్రిక్ బైపాస్ అను రెండవ రకం 1960వ దశకం నుండి ఉన్నది. ఇందులో కడుపును చిన్న సంచిగా చేసి, ఆహారం ప్రేగులో కొంత భాగాన్ని దాటిపోయేటట్లు కలుపుతారు.

ఇది అందం కోసం చర్మం క్రింద క్రొవ్వు లాగే లైపోసక్షను వంటిది కాదు. స్వీడను దేశంలో 1987లో మొదలుపెట్టి ఎన్నో ఏళ్ళు సాగిన పరిశీలనలో, ఆపరేషను చేయించుకొన్నవారిలో మరణాలు తక్కువగా ఉన్నట్లు 2007లో ప్రకటించారు. మన ఆసియావారికి తక్కువ బరువులోనే షుగరు వస్తుంది గనుక, బి.ఎం.ఐ. 27.5 దాటినవారికి ఈ చికిత్స సూచించవచ్చునని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. అపాయం తక్కువే గాని లేకపోలేదు. 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన కొత్త ఇంజెక్షన్లను గూర్చి కూడా డాక్టరుగారిని అడిగి, అన్నీ తూచుకొన్న తరువాతనే నిర్ణయించుకోవాలి.

2011లో నితిన్ గడ్కరీ గారు, 2014లో కేంద్రమంత్రిగా ఉన్న అరుణ్ జైట్లీ గారు ఇటువంటి ఆపరేషను చేయించుకొన్నట్లు పత్రికలన్నీ వ్రాసినవి. పెద్దవారు చేయించుకొంటే వైద్యం, మన ఇంటి ఆడబిడ్డ చేయించుకొంటే నోరు కట్టుకోలేకపోవడమా? దేవుడిచ్చిన దేహాన్ని కోయవచ్చునా అని అడిగేవారు, మన పిల్లలలో ఎందరు సిజేరియను ద్వారా పుట్టారో లెక్కపెట్టుకోవాలి. కళ్ళజోడు పెట్టుకొన్నవానిని, చూపును సాధన చేయలేదని మనం నిందించము.

2. అందరితో కలిసి తినగలనా?

ఇది చిన్న ప్రశ్న కాదు. మన ప్రజలలో అన్నం అంటే అన్నం మాత్రమే కాదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన మహా క్షామాన్ని తెలుగువారు ధాత కరువన్నారు, ఇక్కడి తమిళులు తాదు వరుష పంజం అంటారు. ఆ కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వే కాంట్రాక్టు తీసికొని, ఆకలితో ఉన్నవారికి పని కల్పించారు. కూటి కోసం ఎవరూ సంఘంలో చేరకూడదని ఆ కాలమంతా బాప్తిస్మములు ఆపి, తరువాత 1878 జూలై 3న ఒక్క దినముననే 2,222 మందికి ఇప్పించారు. మనలో అనేకుల ముత్తాతలు ఆ కాలువ గట్టున మట్టి మోసినవారే. వారి నోట్లోకి పోయిన గంజి వారి ప్రాణం. అందుకే మన ఇండ్లలో ప్రేమకు మరో మాట లేదు. "తిన్నావా?" అని అడుగుతాము. బిడ్డను పొగడాలంటే వడ్డిస్తాము, ఓదార్చాలంటే వడ్డిస్తాము, అలిగితే తినడం మానేస్తాము.

ఈ రాష్ట్రంలో 1982లో ఎం.జి.ఆర్. గారు మధ్యాహ్న భోజన పథకాన్ని విస్తరించినప్పుడు, పళ్ళెం పట్టుకొని బడికి పరుగెత్తి వచ్చిన పిల్లలను మా తరం ఉపాధ్యాయులందరూ ఎరుగుదురు. ఒక్క తరంలోనే కాలం తిరిగిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడు స్త్రీలలో నూటికి 40 మంది, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. కరువు పోయినది గాని కరువు నేర్పిన చేయి మాత్రం ఇంకా గరిటె దించలేదు. పిల్లలు విడిచిపెట్టిన అన్నం పారవేయడానికి మనసు రాక, రాత్రి పది గంటలకు తల్లి పళ్ళెంలోనికే పోతుంది. ఆ చెల్లెలి బరువులో ఇటువంటి మెతుకులు ఎన్ని ఉన్నవో!

ఆపరేషను తరువాత మొదటి వారాలు ద్రవాహారమే. తరువాత మెత్తగా మెదిపినవి, ఆపైన మెత్తని అన్నం, క్రమంగా మామూలు భోజనం. గ్రుడ్డు, చేప, పప్పు వంటివి ముందు, అన్నం తరువాత. భోజనంతో నీళ్ళు త్రాగకూడదు. బాగా నమలాలి. విటమిను మాత్రలు జీవితమంతా వేసికోవాలి. గుప్పెడు తినగానే కడుపు నిండుతుంది. ఆ పైన "నా కోసం ఇంకొక్క ముద్ద" అని బలవంతం చేస్తే అది ప్రేమ కాదు, వాంతి.

కావున ఆమెకు మేమిచ్చిన జవాబు ఇది. "అమ్మా, నీవు అందరితో కూర్చుని తినగలవు. అందరివలె తినలేవు. ఈ రెండూ ఒకటని మనం ఇన్నాళ్ళు పొరబడ్డాము. మనం అన్ని బల్లలకంటె గొప్పదిగా ఎంచుకొనే ప్రభువు బల్ల దగ్గర ఎంత తింటాము? చిన్న రొట్టెముక్క, చిన్న గిన్నెలో ద్రాక్షారసం. అక్కడ మారు వడ్డించుమని ఎవరూ అడుగరు, తక్కువ తిన్నావని ఎవరూ నొచ్చుకోరు. సహవాసానికి కావలసినది కూర్చోవడమే."

అయితే ఒక దుఃఖం మిగులుతుంది, దానిని దాచకూడదు. పండుగనాటి బిరియాని, క్రిస్మస్ అరిసెలు, వాన పడేటప్పుడు వేడివేడి బజ్జీలు, ఇవి ఆమెకు ఇన్నాళ్ళు తోడుగా ఉన్నవి. మనసు బాగాలేని రోజు మనుషులకంటె ముందుగా పలకరించినవి అవే. ఆ తోడు పోతుంది. ఏడ్వడం వస్తే ఏడ్వనివ్వాలి. ఆ ఖాళీలో ఇంకొకటి వచ్చి కూర్చొనే ప్రమాదము కూడ ఉన్నది. గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకొన్నవారిలో కొందరికి రెండవ సంవత్సరంలో త్రాగుడు సమస్య పెరిగినట్లు 2012లో అమెరికా వైద్యులు ప్రకటించారు. అందుకే ఆపరేషనుకు ముందు మానసిక వైద్యునితో మాట్లాడమంటారు. అది పిచ్చి ఉన్నదని కాదు. ఇన్నాళ్ళు అన్నం చేసిన పనిని ఇకమీదట ఎవరు చేస్తారని అడగడానికి.

3. ఆయన నన్ను ఎట్లా చూస్తారు?

రెండు రోజుల తరువాత ఆమె భర్తను పిలిపించాము. మంచి అబ్బాయి. తల వంచుకొని కూర్చున్నాడు. కడపట ఇట్లా అన్నాడు: "ఆమెకేమైనా అయితే అని ఒక భయం, మాస్టారూ. బాగై, అందంగా తయారైతే నేను ఆమెకు ఆననేమో అని ఇంకొక భయం. మొదటిది అందరితో చెప్పుకోవచ్చు. రెండవది ఎవరితో చెప్పుకొనేది?"

ఆ మాటకు మేము నవ్వలేదు. స్వీడను దేశపు పరిశీలనలలోనే మరొక సంగతి 2018లో ప్రకటించారు. ఆపరేషను చేయించుకొన్న ఒంటరివారిలో క్రొత్తగా వివాహాలు ఎక్కువయ్యాయి. జంటగా ఉన్నవారిలో విడిపోవడం కూడా ఎక్కువయ్యింది. కత్తి వివాహాన్ని కోస్తుందని దీని అర్థం కాదని మా అభిప్రాయం. సన్నబడినవారు తలెత్తి నడుస్తారు, నలుగురిలోనికి వస్తారు, ఇన్నాళ్ళు మ్రింగిన మాట బయటకు అంటారు. ఒకరు ఎప్పుడూ తగ్గి ఉండడం మీదనే ఆ ఇల్లు నిలిచి ఉంటే, ఆ రోజున గోడ బీటవారుతుంది. పగులు ముందునుండి ఉన్నదే.

పెండ్లినాడు మనం చేసిన ప్రమాణం ఫలానా బరువుగల దేహానికి చేసినది కాదు. దేహం ఎటుతిరిగీ మారుతుంది. కాన్పులు మారుస్తవి, రోగం మారుస్తుంది, వయస్సు మారుస్తుంది. మా ఇంటివారికి తల నెరసినది, మాకు పళ్ళు ఊడినవి, ఎవరమూ ప్రమాణం తిరిగి చేయలేదు. లావైన భార్యను భరించడం గొప్ప అనుకొనేవాడు, బాగుపడిన భార్యను చూచి సంతోషించగలడా అన్నది ఇంకా పెద్ద పరీక్ష. ఆ అబ్బాయిని మేము ఒక్కటే కోరాము: మాతో చెప్పిన ఆ రెండవ భయాన్ని ఆపరేషనుకు ముందే ఆమెతో చెప్పుమని. చెప్పాడో లేదో మేము అడుగలేదు. మరుసటి ఆదివారం మాత్రం ఇద్దరూ కలిసి లోపలికి వచ్చారు.

పెండ్లికాని పిల్లల తల్లిదండ్రులకు కూడా ఒక మాట. 2015లో అనుష్క నటించిన "సైజ్ జీరో" సినిమా తెలుగులోను, "ఇంజి ఇడుప్పళగి" అను పేరుతో తమిళంలోను వచ్చినది. లావుగా ఉన్నదని సంబంధాలు తప్పిపోయే అమ్మాయి కథ అది. మన ఇండ్లలో జరిగేదే. ఆరోగ్యానికి అవసరమని డాక్టరు చెబితే ఆపరేషను చేయించండి. పెండ్లిచూపుల కోసం బిడ్డ కడుపు కోయించకండి. చేయించినట్లయితే వియ్యాలవారి దగ్గర దాచకండి. ఆపరేషను తరువాత ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం ధరించరాదని డాక్టర్లు చెబుతారు. దాచిన సంగతి మీద కాపురం మొదలుపెడితే, ఆ పిల్ల ప్రతి పళ్ళెం ముందు అబద్ధమాడవలసి వస్తుంది.

కడపటి మాట

ఆపరేషనుకు సంతకం పెట్టేముందు "ఎవరి కోసం?" అని మిమ్మును మీరు ప్రశ్నించుకోవాలని మా మనవి. భర్త కోసమనో, నవ్వినవారి నోరు మూయించడానికనో జవాబు వస్తే ఇంకొంత కాలం ఆగండి. ఆ జవాబుతో వెళ్ళినవారు సన్నబడిన తరువాత కూడా ఎవరో ఒకరి చూపు కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. ఆ చెల్లెలిని ఇదే అడిగాము. "రాత్రి భయం లేకుండా నిద్రపోవాలని ఉంది మాస్టారూ. పిల్లలను బస్టాపు దాకా నడిపించుకొని పోవాలని ఉంది" అన్నది. అది చాలిన జవాబని మేమనుకొంటున్నాము.

మన చేతిలో ఉన్న పని కూడా ఒకటి ఉన్నది. రాబోయే క్రిస్మస్ ప్రేమవిందులో ఎవరి పళ్ళెంలోనికీ ఎవరూ తొంగిచూడవద్దు. తక్కువ తిన్నవారిని ఎందుకని అడుగవద్దు. "ఏమ్మా, చిక్కిపోయావు", "అబ్బో, గుర్తుపట్టలేకపోయాము" అనవద్దు. మాట్లాడడానికి వేరే సంగతులు ఎన్నో ఉన్నవి. ఆ చెల్లెలి కోసం మా ప్రక్కన ఒక కుర్చీ ఉంచుతాము. ఆమె చేతిలోని గరిటె ఆ రోజు మేము తీసికొంటాము. వచ్చి కూర్చుంటుందో లేదో ఆమె ఇష్టం.

ఆమె కొరకును, ఆ కుటుంబం కొరకును ప్రార్థన చేయుడి.