గుమ్మం దగ్గర నేను

ఆదివారం ఆరాధనకి కొత్తవాళ్లెవరైనా వస్తే గుమ్మం దగ్గరే ఎదురెళ్లి పలకరించడం నా పని. ఎవరూ అప్పజెప్పలేదు, నేనే నెత్తినేసుకున్నాను. "వందనాలండీ, రండి రండి" అని చేతులు జోడించి, చాప చూపించి, పాటల పుస్తకం చేతిలో పెట్టి, పేజీ కూడా నేనే తీసిస్తాను. క్రోసూరులో మాది చిన్న సంఘం. పండగ రోజున తప్ప చాపలు నిండవు. "మాస్టారుండబట్టి మన చర్చికి ఒకసారి వచ్చినవాళ్లు మళ్లీ వస్తున్నారు" అంటుంటారు మావాళ్లు. "అంతా దేవుని కృప" అంటాను నేను. అంటూనే ఆ మాట ఇంకెవరి చెవినైనా పడిందా అని అటూ ఇటూ చూస్తాను.

ఈ గుమ్మం మీద నాకెందుకింత మోజో ఆలోచిస్తే మా తాత దగ్గరికి వెళ్లి ఆగుతుంది. మోతుబరుల ఇళ్ల గుమ్మం ఆయన ఎన్నడూ దాటలేదు. దాహమేస్తే దొడ్లో నిలబడి దోసిలి పట్టేవాడు, వాళ్లు పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. మా నాన్న మిషన్ బోర్డింగులో చదువుకుని టీచరయ్యాడు. ఆయన్ని అరుగు దాకా రానిచ్చారు. నాకు కుర్చీ వేశారు. ఇప్పుడు మాదంటూ ఒక గుమ్మం ఉంది, దాని దగ్గర నిలబడి ఇంకొకరిని లోపలికి రమ్మనే అధికారం నాకుంది. ఆ "రండి"లో ప్రేమ లేదనను. ప్రేమతోపాటు పాతబాకీ వసూలైన తృప్తి కూడా ఉంది. ఊళ్లో పెద్దింటివాళ్లెవరైనా క్రిస్మస్ నాడు మర్యాదకి వచ్చినప్పుడు నా "రండి" కాస్త పొడుగవుతుంది, గొంతు కాస్త లేస్తుంది. అది ప్రేమ గొంతు కాదని నాకు తెలుసు.

కోతల పండుగ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదటి కోత మిరపకాయ, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, ఒకటో రెండో కోళ్లు బల్ల ముందు పెట్టి వేలం వేస్తారు. సంతలో పాతిక రూపాయలు చేసే సొరకాయని పోటీ మీద వెయ్యి దాకా పాడినవాణ్ని నేను. దేవుడికే కదా అనుకున్నాను. తరువాత కానుకలిచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతారు. కళ్లు మూసుకుని తల వంచుకునే ఉంటాను కానీ చెవి మాత్రం మైకు దగ్గరే ఉంటుంది.

మా ఆవిడ పద్ధతి వేరు. ఆమెది కృష్ణ అవతలి ఒడ్డు, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) కుటుంబం. మా పల్నాడు లూథరన్‌ల, బాప్టిస్టుల సీమ. 1849లోనే లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు నుంచి వచ్చి గురజాలలో మకాం పెట్టాడు. బిషప్పుల పాలనలోని ఆంగ్లికన్ సంఘాలు ఎక్కువగా ఏటికి అవతల బందరు, బెజవాడ, దోర్నకల్ వైపు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్‌లూ, మెథడిస్టులూ, మరికొందరూ కలిసి సీఎస్ఐ అయినప్పుడు మా లూథరన్‌లు కలవలేదు. పెళ్లైన కొత్తలో "మీ బిషప్పులు, మీ అంగీలు" అని ఆమెను ఆటపట్టించేవాణ్ని. ఆమె మాత్రం వస్తూ వస్తూ వాళ్లవైపు అలవాటొకటి తెచ్చింది, పిడికెడు బియ్యం. పూటపూటా ఎసట్లో బియ్యం వేసేముందు ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేయడం, నిండాక చర్చికి ఇవ్వడం. నెమ్మదిగా మా స్త్రీల సమాజం వాళ్లందరికీ అంటింది. నాకు మాత్రం మొదట్నుంచీ ఆ డబ్బా నచ్చలేదు. పురుగు పడుతుందనీ, రకరకాల బియ్యం కలిసిపోతాయనీ వంకలు పెట్టాను. అసలు సంగతి, చర్చి గోతంలో పోశాక ఎవరిది ఎంతో తెలియదు. మైకులో చదవడానికి అందులో పేర్లుండవు.

దోర్నకల్ బిషప్ అజరయ్యగారి గురించి చదివింది కూడా ఆమె పుట్టింటి పుస్తకాల్లోనే. తమిళుడు, తిన్నెవెల్లి నుంచి 1909లో దోర్నకల్ వచ్చి, మన తెలుగు నేర్చుకుని, పల్లెపల్లె తిరిగాడు. 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘాల్లో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభలో లేచి, మీరు మాకోసం ఎంతో త్యాగం చేశారు, ఉన్నదంతా పెట్టారు, కానీ మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్నివ్వండి అన్నాడు. సభలో కొందరికి ఒళ్లు మండింది. నాకైతే అది చదివిన ప్రతిసారీ ఛాతీ ఉబ్బేది. బాగా అడిగావయ్యా, మా తాత తరఫున కూడా అడిగావు అనుకునేవాణ్ని. ఆ కథలో నేనెప్పుడూ అజరయ్యగారి పక్కనే నిలబడ్డాను. ఎదుటి వరుసలో కూర్చున్నవాళ్లలో నాలాంటివాడు ఉండొచ్చని తోచలేదు.

జనవరి వస్తే మావైపు మిరపకోతలు. ఆదోని, ఆలూరు, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే, చంటిపిల్లలతో సహా దిగుతాయి. చేల గట్ల మీద పట్టాలు కట్టుకుని డేరాల్లో ఉంటారు. పగలంతా కాయ కోత, కల్లంలో తాలు ఏరడం. ఆ ఘాటు ఊళ్లోకి కూడా కొడుతుంది. మేము దగ్గుకుంటూ దాటిపోయే చోట వాళ్లు పిల్లల్ని పడుకోబెడతారు. పిడికెడు బియ్యం గోతం వాళ్లకివ్వాలని స్త్రీల సమాజం వాళ్లు తీర్మానించారు, దానికి దుప్పట్లు చేర్చాం. పంచే పని సహజంగానే నాది.

ఒక సాయంత్రం అలా పంచుతుంటే ఒక డేరా ముందు ఒకామె జొన్నరొట్టె తడుతోంది. రాళ్లపొయ్యి, పత్తికట్టె మంట, అరచేతుల మధ్య పిండి తిరుగుతూ తిరుగుతూ పల్చబడుతోంది. మిరపకాయల మంట తగలకుండా కాబోలు, వేళ్లకి గుడ్డపేలికలు చుట్టుకునుంది. రొట్టెకోసం వాటిని విప్పి మోకాలి మీద వేసుకుంది. దుప్పటి తీసుకుని పక్కన పెట్టి, పెనం మీది రొట్టె తీసి, దానిమీద ఇంత శెనక్కాయల పొడి వేసి, "ఇంత తినిపో సారూ" అంది. "తిన్నానమ్మా, ఇప్పుడే తిన్నాను" అన్నాను. తినలేదు. ఆమె రెండోసారి అనలేదు. ఆ రొట్టెని పక్కనున్న పిల్లాడికిచ్చింది.

ఎందుకలా అన్నాను? వాళ్ల తిండి తగ్గించడమెందుకనే అనుకున్నాను అప్పుడు. అది అబద్ధమేమీ కాదు. కానీ దాని కింద ఇంకొకటుంది. ఆ రొట్టె తింటే అక్కడ ఆమె ఇంటిమనిషి, నేను వచ్చినవాణ్ని. పెట్టే చెయ్యి ఆమెది, పట్టే చెయ్యి నాది అవుతుంది. దోసిలి పట్టిన తాత మనవడికి ఆ కొద్దిసేపు కూడా చేయి చాచడం ఇష్టం లేకపోయింది. ఇంకా కింద ఇంకేదైనా ఉందా? వీళ్లెవరో, ఏ కులమో అన్న ప్రశ్న క్షణం సేపైనా మెదిలిందా? మెదల్లేదని ప్రమాణం చేయలేను. మాల, మాదిగ పల్లెల మధ్య దూరాన్ని మా చర్చిలు కూడా పూర్తిగా చెరపలేదు. నాలో ఎంత చెరిగిందో నేనెప్పుడూ కొలుచుకోలేదు.

ఇదంతా మా ఆవిడతో అంటే చేట పక్కనపెట్టి నవ్వింది. "దుప్పటి కప్పుకున్నవాళ్లకి మీ మనసులో ఏముందో ఎందుకు? చలి ఆగిందా లేదా?" అంది. అదీ నిజమే. మనసు కడుక్కున్నాకే పెడతానని కూర్చుంటే ఆ పిల్లలు చలికి వణకాల్సిందే. ఇలా నన్ను నేను తవ్వుకోవడంలో కూడా ఒక గొప్ప ఉందేమో, చూడండి నేనెంత నిజాయితీపరుణ్నో అని. రాస్తూ రాస్తూ ఈ అనుమానం దగ్గర రెండుసార్లు కలం ఆగింది.

ఈ ఏడు కమిటీలో ఒక కుర్రాడు లేచాడు. "ఎప్పుడూ మనం వాళ్లకి పెట్టడమేనా మాస్టారూ? జొన్నపిండి మనం కొందాం. ఒక ఆదివారం మన చర్చి ఆవరణలో వాళ్లని రొట్టెలు చేయమందాం, అందరం కలిసి తిందాం" అన్నాడు. అందరూ నావైపు చూశారు. "వారమంతా కాయ కోసి నడుములు పడిపోయిన ఆడవాళ్లతో ఆదివారం కూడా చాకిరీ చేయిస్తామా, అదేం ప్రేమరా?" అన్నాను. సబబుగానే ఉంది మాట. పాస్టరుగారు కూడా తలూపారు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ అడిగింది ఒకటే, "వాళ్లనడిగారా?"

వచ్చే కమిటీలోపు డేరాల దగ్గరికి వెళ్లి అడగాలి. సరేనంటారని నాకు తెలుసు. అందుకే ఇంకా వెళ్లలేదు.