కదిలినవారు, కదిలించినవారు: మధ్యయుగ ఫ్రెంచి క్రియలు - నైతిక బాధ్యత

భావోద్వేగం మనిషికి కలిగేదా, మనిషి చేసేదా? కలిగేదే అయితే ఆవేశంలో జరిగిన పనికి అతడిని బాధ్యుణ్ణి చేయడం ఎంతవరకు న్యాయం? నీతిశాస్త్రంలో పాతదైన ఈ ప్రశ్నను మధ్యయుగ ఫ్రెంచి భాషలోని కొన్ని క్రియలు వ్యాకరణ రూపంలో మన ముందుంచుతాయి.

కదిలించడమనే అర్థం గల లాటిన్ ‘మొవేరె’ నుండి ప్రాచీన ఫ్రెంచిలో ‘మొవోయిర్’ ఏర్పడింది. ‘బయటికి’ అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరిన రూపం నుండి ‘ఎస్మొవోయిర్’ వచ్చింది. ప్రయాణమై బయలుదేరడం, యుద్ధం లేవదీయడం, మనసు కలత చెందడం వంటి అర్థాలన్నీ ఈ క్రియాకుటుంబంలో ఇమిడి ఉన్నాయి. ఉలికిపాటును తెలిపే ‘త్రెసాయిర్’ కూడా దూకడమనే అర్థం గల క్రియ నుండి పుట్టినదే.

అర్థం కంటే ప్రయోగభేదం ఇక్కడ ముఖ్యం. ‘ఎస్మొవోయిర్’ సకర్మకమైతే ఒకరు మరొకరిని కదిలిస్తారు. కర్మణి ప్రయోగంలో మనిషి కదిలింపబడతాడు. ఆత్మార్థక సర్వనామం చేరితే తనను తాను కదిలించుకొంటాడు. తెలుగులో ‘కదులు’, ‘కదిలించు’ అనే భేదాన్ని ప్రేరణ ప్రత్యయం చూపుతుంది. ఫ్రెంచిలో ధాతువు మారదు. వాక్యనిర్మాణాన్ని బట్టి బాధ్యత ఒకరి నుండి మరొకరికి జరుగుతుంది.

ఈ భేదం కేవలం వ్యాకరణ విషయం కాదు. 1095లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాఁలో రెండవ అర్బన్ పోపు ఇచ్చిన పిలుపుతో వేలాది మంది మనసులు కదిలాయి, కాళ్లూ కదిలాయి. పిలుపు జెరూసలేం యాత్రకు. కానీ 1096లో రైన్ తీరంలోని వర్మ్స్, మైంజ్ నగరాలలో కొన్ని క్రూసేడు దండ్లు యూదులను ఊచకోత కోశాయి. ఆ హింసను పోపు ఆదేశించలేదు. ‘మమ్మల్ని కదిలించారు’ అన్న కర్మణి వాక్యం ఆ హంతకులను విముక్తులను చేయదు. అదే కాలంలో స్పేయర్ బిషప్పు తన నగరంలోని యూదులలో అధికులను కాపాడాడు. ఆవేశం అలముకొన్న కాలంలోనూ సంకల్పానికి చోటు ఉందనడానికి ఇది నిదర్శనం. అయితే ఆవేశాన్ని రగిలించినవారు ‘మేము ఆదేశించలేదు’ అన్నంత మాత్రాన వారి ప్రశ్న ముగిసిపోదు.

పారిస్‌లో బోధించిన 13వ శతాబ్దపు తత్త్వవేత్త థామస్ అక్వినాస్ భావోద్వేగాన్ని ఇంద్రియవాంఛకు చెందిన చలనంగా నిర్వచించాడు. ఆ చలనం తనంత తాను మంచీ కాదు, చెడూ కాదు. బుద్ధికీ సంకల్పానికీ లోబడినంత మేరకే దానికి నైతిక విలువ ఏర్పడుతుంది. సంకల్పం ఆజ్ఞాపించినా, ఆపగలిగీ ఆపకపోయినా, అది స్వచ్ఛందమే అవుతుంది. ఈ దృష్టితో చూస్తే కదిలింపబడినవాడు ఒక దశలో తనను తాను కదిలించుకొన్నవాడే.

ఆధునిక ఫ్రెంచిలో ఈ క్రియ ప్రధానంగా మనసుకే పరిమితమైంది. అయినా దాని భూతకృదంతం నుండి వచ్చిన ‘ఎమ్యూట్’కు నేటికీ అల్లరిమూక తిరుగుబాటు అనే అర్థమే. ‘ఎమోసియోఁ’ అనే నామవాచకం కూడా 16, 17 శతాబ్దాలలో ప్రజల అలజడిని సూచించేది. భావానికి వీధితో ఉన్న సంబంధాన్ని ఆ పదాలు మరచిపోలేదు.

తెలుగు విమర్శలో ‘ఈ రచన పాఠకుణ్ణి కదిలిస్తుంది’ అన్నది తరచుగా తుది ప్రశంస. పై పరిశీలన ఆ మాటకు రెండు ప్రశ్నలను జోడిస్తుంది: కదిలించి ఏ దిక్కుకు నడిపిస్తుంది? ఆగి ఆలోచించుకొనే అవకాశాన్ని పాఠకుడికి మిగులుస్తుందా? ఇవి అడగనిదే ఆ ప్రశంస పూర్తి కాదు.