ముక్కు మీద కోపం, పొడుగాటి ముక్కు: నేను నవ్వి చేసిన తప్పు



ఈ వారం వీడియో మొదట్లోనే నేను క్షమాపణ అడగడం మీరంతా చూశారు. ఎందుకో అక్కడ పూర్తిగా చెప్పే టైమ్ లేకపోయింది. అందుకే ఈ పోస్ట్.

రెండు వారాల క్రితం లైవ్‌లో ఎవరో ఒక స్క్రీన్‌షాట్ పంపారు. "అన్నా, బైబిల్‌లో దేవుడికి పొడుగు ముక్కు అని ఉందట, హీబ్రూలో అక్షరాలా అదేనట" అని. నేను నవ్వాను. పైగా ఒక జోక్ వేశాను. చాట్ నిండా నవ్వుల ఎమోజీలు. మర్నాడు ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. "అన్నా, నా రూమ్మేట్ క్రిస్టియన్. మీ గీత సిరీస్ రోజూ నాతో పాటే కూర్చుని చూస్తుంది. నిన్న మీరు నవ్వగానే లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయింది."

నిజం చెబుతున్నా, ముందు నన్ను నేను సమర్థించుకున్నాను. నేనేమీ అబద్ధం చెప్పలేదు కదా, అక్షరాలా అలాగే ఉంది కదా అని. ఆ 'అక్షరాలా' అన్న మాట దగ్గరే నా తప్పంతా ఉందని కూర్చుని చదివాక తెలిసింది.

హీబ్రూలో 'అఫ్' అంటే ముక్కు. అదే మాటకి కోపం అని కూడా అర్థం. కోపం వస్తే ఊపిరి వేడెక్కుతుంది, ముక్కుపుటాలు అదురుతాయి. అందుకే వాళ్ళు 'ముక్కు మండింది' అంటే కోపం వచ్చిందని. 'ముక్కు పొడుగు' అంటే ఆ కోపం రావడానికి చాలాసేపు పడుతుందని, అంటే మహా ఓర్పు గలవాడని. మనకి ఇది వింతా చెప్పండి? మా ఇంట్లో మా బాబాయిని "వాడికి ముక్కు మీదే ఉంటుంది కోపం" అనేవారు. ఎవరూ వెళ్ళి ఆయన ముక్కు తడిమి చూడలేదు! అదే నుడికారం పక్కవాళ్ళ పుస్తకంలో కనబడేసరికి నాకు నవ్వొచ్చింది.

ఇంకా సిగ్గుపడ్డ విషయం ఏంటంటే, ఆ మాట ఎక్కడుందో చూడటం. నిర్గమకాండము 34వ అధ్యాయం. జనం బంగారు దూడని చేసి పూజించారు. మోషే మొదటి పలకలు పగలగొట్టాడు. మళ్ళీ కొత్త పలకలతో సీనాయి కొండ ఎక్కాడు. అంత తప్పు జరిగాక దేవుడు తన స్వభావం చెప్పుకునే చోట ఉంది ఆ మాట. దాని పక్కనే దయకి వాడిన 'రహూమ్' అనే మాట ఉంది. గర్భాన్ని చెప్పే 'రెహెమ్' కూడా ఆ ధాతువుదే. మన 'కడుపు తీపి' గుర్తుకు రావడం లేదూ? అంటే నేను నవ్వింది దయ గురించి, క్షమ గురించి చెప్పిన వాక్యం మీద.

తెలుగు బైబిల్ చేసినవాళ్ళు అక్కడ ఏం రాశారో తెలుసా? 'దీర్ఘశాంతము'. ముక్కు పోయింది, పొడవు మిగిలింది, అర్థం నిలబడింది. అనువాదం అంటే అది.

అదే అధ్యాయం చివర్లో దీనికి తలకిందుల కథ ఉంది. మోషే కొండ దిగేసరికి అతని ముఖం వెలిగిపోతోంది. అక్కడున్న 'కరన్' అనే క్రియ, కొమ్ము అనే అర్థమున్న 'కెరెన్' అనే మాటకి చుట్టం. కొమ్ముల్లా కిరణాలు చిమ్మడం అన్నమాట. లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ కొమ్ములనే పట్టుకున్నాడు. వెయ్యేళ్ళకి పైగా గడిచాక మైకెలాంజెలో చెక్కిన మోషే విగ్రహానికి తలమీద రెండు కొమ్ములు! రోమ్‌లోని సాన్ పియెత్రో ఇన్ విన్కోలి చర్చిలో ఇప్పటికీ ఉంది. మన సంస్కృతంలో 'కర' అంటే చెయ్యి, కిరణం కూడా. సూర్యుణ్ణి సహస్రకరుడు అంటే వెయ్యి చేతులవాడని ఎవరైనా బొమ్మ గీస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

ఇప్పుడు మన వైపుకి వద్దాం. కొన్నేళ్ళ క్రితం ఆఫీసులో ఒకాయన పురుషసూక్తం గురించి నన్ను అడిగాడు. "వెయ్యి తలలు, వెయ్యి కళ్ళు అంటారు. అంటే తలకి ఒక్క కన్నేనా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు కడుపు మండిపోయింది. అక్కడ 'సహస్ర' అంటే లెక్క కాదు, లెక్కలేనన్ని అని, సాయణాచార్యులు భాష్యంలో అలాగే చెప్పారని ఆ రోజు నాకు చెప్పడం రాలేదు. ఆ నవ్వు ఎంత గుచ్చుకుందో గుర్తుండి కూడా, లైవ్‌లో నేను అదే పని చేశాను.

మరి ఏది అక్షరాలా తీసుకోవాలి, ఏది నుడికారం? మనకి తోచినట్టు అనుకోవడానికి లేదు. నచ్చనిదల్లా 'అది అలంకారం లెండి' అని దాటేయడం కూడా మోసమే. మన శాస్త్రం దీనికి మంచి కొలత ఇచ్చింది. 'గంగలో గొల్లపల్లె' అని ఒక పాత ఉదాహరణ. నీళ్ళలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున అని అర్థం చేసుకుంటాం. దీన్ని లక్షణ అంటారు. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు మూడు షరతులు చెప్పాడు. ఒకటి, నేరు అర్థం అక్కడ పొసగకూడదు. రెండు, కొత్త అర్థానికి దానితో సంబంధం ఉండాలి. మూడు, ఆ వాడుక లోకంలో స్థిరపడి ఉండాలి, లేదా అలా చెప్పడానికి ఒక ప్రయోజనం ఉండాలి.

పొడుగు ముక్కుని ఇందులో పెట్టి చూడండి. దయ, క్షమ వరసలో ముక్కు కొలత పొసగదు. కోపానికి, ముక్కుకి ఊపిరి సంబంధం ఉంది. ఆ భాషలో అది స్థిరపడ్డ వాడుక. మూడూ సరిపోయాయి. మన ఋషుల మాటకి ఏ కొలత అడుగుతామో, పక్కింటి గ్రంథానికీ అదే కొలత పట్టుకెళ్ళాలి. లేకపోతే అది శాస్త్రం కాదు, పక్షపాతం.

ఈ వారం మీకు ఒక్క సాధన. ఏ మతం వాక్యమైనా సరే, ఫోన్‌లో వింతగా కనబడితే ఫార్వర్డ్ చేసే ముందు ఒక్కసారి ఆగండి. ఆ భాష తెలిసినవాళ్ళని "మీరు దీన్ని ఎలా అర్థం చేసుకుంటారు?" అని అడగండి. అడిగే ఓపిక లేకపోతే కనీసం నవ్వకండి. వాక్తపస్సు అంటే గీతలో చెప్పింది నిజం మాట్లాడటం ఒక్కటే కాదు, ఎదుటివాళ్ళని నొప్పించకుండా మాట్లాడటం కూడా.

ఆ లైవ్‌లో ఆ ముక్క తీసేశాను. ఆ చెల్లెలి రూమ్మేట్ మళ్ళీ మన వీడియోలు చూస్తోందో లేదో నాకు తెలియదు. ఇది చదివితే మాత్రం, తల్లీ, తప్పు నాది. మన్నించు. ఆ దీర్ఘశాంతం నాకూ కొంచెం అబ్బాలని ప్రార్థిస్తున్నాను.

శుభం భూయాత్.