దానికో పేరు

మా అబ్బాయికి రెండు కంప్యూటర్లు. రెండూ లినక్స్‌తో నడిచేవే. రెంటికీ ఒకే పేరుండి తికమకగా ఉందిట. "అమ్మా, పాతదానికి వేరే పేరు చెప్పు. ఇంగ్లీషు అక్షరాలూ, అంకెలూ, మధ్యలో చిన్న గీతా తప్ప ఇంకేం కుదరవు" అన్నాడు.

"గోదావరి" అన్నాను. ఒక్క వరుస కొట్టాడు. బారసాల అయిపోయింది!

"మరి లోపలున్న ఫొటోలో?" అన్నాను కంగారుగా.

"పేరు మారితే అవెక్కడికి పోతాయమ్మా? పాత పేరుతో వెతికేవాళ్లకే ఇది దొరకదు" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. భద్రాచలం కాపరానికొచ్చిన రోజునే, ఆడబిడ్డదీ నాదీ ఒకే పేరని అత్తగారు నా పేరు మార్చేశారు. నన్నెవరూ అడగలేదు. పోయిందేం లేదు, నిజమే. కానీ పాత పేరుతో అమ్మ రాసిన కార్డు వీధంతా తిరిగి మూడోనాటికి నన్ను చేరింది.

మా ఊరు 1959 దాకా తూర్పుగోదావరి జిల్లా, తర్వాత ఖమ్మం, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం. జిల్లాలు మారినా ఊరి పేరు ఊరికే ఉంది. ఆడపిల్ల పేరే అంత తేలికైపోయిందా?

వచ్చే నెలలో కోడలొస్తోంది. ఆ పిల్లదీ మా అమ్మాయి పేరే! మార్చేద్దామనే అనుకున్నాను, చెప్పొద్దూ. యంత్రాన్ని అడగలేం కనక మనమే పెడతాం. మనిషిని అడగొచ్చు కదండీ!

"నిన్నేమని పిలవమంటావమ్మా?" అని అడుగుతాను.