పాత యింటి బేరం

అమ్మేవాడు చెప్పిన ధరకు బాగా తక్కువ చేసి కొనేవాడు అడగడం తప్పా? లోకం దృష్టిలో యిది ప్రశ్నే కాదు. కూరల గంప మొదలు కోట్ల మేడ దాకా బేరం వుండనే వున్నది. అడగడం ఒకరి హక్కు, కాదనడం మరొకరి హక్కు, అంతటితో సరి అంటారు. చట్టం కూడా దాదాపు యిదే మాట అంటున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ప్రతిఫలం చాలనంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదు. అయితే ఆ వెంటనే అదే చట్టం యింకొక మాట చేర్చింది: సమ్మతి స్వేచ్ఛగా యిచ్చినదేనా అని తేల్చేటప్పుడు ఆ చాలకపోవడాన్ని న్యాయస్థానం లెక్కలోకి తీసుకోవచ్చు. నాకు ఆసక్తి యీ రెండవ మాట మీదనే. ధర తక్కువ కావడం నేరం కాదు గాని, ఆ తగ్గింపు ఎక్కడి నుంచి పుట్టిందో అడగవలసి వుంటుందన్నమాట.

శేరిలింగంపల్లి ప్రాంతంలో యీ సంగతి పుస్తకం తెరవకుండానే కనిపిస్తుంది. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం వచ్చింది. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో వెలిసింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్సు తెరిచారు. 2003లో లింగంపల్లి దాకా ఎంఎంటీఎస్ రైళ్లు నడిచాయి. 2019లో మెట్రో రాయదుర్గం చేరింది. యీ మార్పుల నడుమ చిన్న వుద్యోగులూ కార్మికులూ జీతంలో మిగిల్చి కట్టుకున్న డాబాలు చందానగర్ వైపు యింకా అక్కడక్కడ నిలిచి వున్నాయి.

సాఫ్ట్‌వేర్ వుద్యోగం చేసే మా బంధువొకరికి తోడుగా నిరుడు అలాంటి యిల్లొకటి చూడబోయాను. స్థలం 200 గజాలు. స్లాబు కింద పెచ్చులూడి రాడ్లు తుప్పుతో తేలాయి. గోడలకు నడుము ఎత్తున చెమ్మ. వంటింటి గుమ్మానికి చెద. వెంట తెచ్చుకున్న మేస్త్రీ అన్నీ తట్టి చూసి, మరమ్మతుకు 12 లక్షలవుతుందన్నాడు. మా బంధువు చెప్పిన ధరలో 40 లక్షలు తగ్గించి అడిగాడు. యింటాయన ఏదో అనబోయి వూరుకున్నాడు. మధ్యవర్తి అంతకు ముందే గేటు దగ్గర మా చెవిలో వేసిన సంగతి ఒకటుంది: ఆయన భార్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్, అప్పు పెరిగిపోతున్నది, ఎక్కువ కాలం ఆగలేడు.

లెక్క వేసి చూడండి. తగ్గించిన దానిలో 12 లక్షలు గోడది. మిగిలిన 28 లక్షలు ఆమె జబ్బుది.

నిజానికి ఆ 12 లక్షలైనా గోడది కాదు. మా బంధువు ఆ యింట్లో కాపురముండేది లేదు. కూల్చి మేడ కట్టి వాటాలు అద్దెకిస్తాడు. కూల్చబోయే యింటికి మరమ్మతు ఖర్చెక్కడిది? అయినా తలుపులు తీసి వేసి చూశాడు, చెమ్మ మీద చెయ్యి రాశాడు, చెదను మేస్త్రీకి చూపించాడు. చూపిన ప్రతి లోపమూ నిజమే. మొత్తం మీద ఆ లెక్క అబద్ధం.

అమ్మేవాళ్లందరూ అమాయకులని నేను అనడం లేదు. వానలకు ముందు గిలాబు పూసి, రంగు వేసి, పగులు కప్పిపెట్టి అమ్మేవాళ్లు మనకు తెలియనివారు కారు. (అటువంటి యిళ్లను తొలకరి దాకా ఆగి చూడాలని మా మేస్త్రీ అంటాడు, అది మంచి సలహా.) 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలంటుంది. అంతే కాదు, ఆస్తిలో అమ్మేవాడికున్న హక్కును గురించి అతనికే తెలియనిదీ, విలువను పెంచేదీ ఏదైనా తనకు తెలిస్తే కొనేవాడు కూడా చెప్పాలంటుంది. ఎదుటివాని యింటి జబ్బును ధరలో కోయరాదని మాత్రం ఆ సెక్షనులో లేదు.

యిక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ఆ గజం ధరను యింటాయన మాత్రం పెంచాడా? రోడ్లు వేసినవాళ్లు, పునాదులు తవ్విన పాలమూరు కూలీలు, ప్రభుత్వం పెట్టిన ప్రజల సొమ్ము, అందరూ కలిసి పెంచిన విలువ అది. ఆయనకు అప్పనంగా వచ్చిన దానిలో కొంత పోతే అన్యాయమేమిటి? నిజమే, అప్పనంగా వచ్చిందే. కాని తగ్గించిన 40 లక్షలు ఆ కూలీలకు చేరుతున్నాయా? ఆగలేనివాని చేతిలో నుంచి ఆగగలిగినవాని చేతిలోకి మారుతున్నాయి. నెల నెలా జీతం వచ్చేవాడు ఆరు నెలలు ఆగగలడు. డయాలసిస్ మూడు రోజులు ఆగదు. మన బేరాలలో సగం యీ తేడా మీదనే నడుస్తాయి. దానికి చాకచక్యమని పేరు పెట్టుకున్నాం.

క్రీస్తుపూర్వం 44లో సిసిరో తన కొడుకు కోసం రాసిన కర్తవ్యాల గ్రంథంలో కొనేవాడి కథ ఒకటి చెప్పాడు. స్కావోలా అనే న్యాయవేత్త ఒక పొలం కొనబోయి, ధర ఒక్కమాటలో చెప్పమన్నాడట. అమ్మేవాడు చెప్పాడు. దాని విలువ అంతకంటె ఎక్కువని చెప్పి, స్కావోలా యింకొక లక్ష సెస్టర్సులు కలిపి యిచ్చాడు. లోకులు అతన్ని మంచివాడన్నారు గాని తెలివైనవాడని ఒప్పుకోలేదట. జీతం రాళ్లతో బతికేవాళ్లను స్కావోలాలు కమ్మని నేను అడగను. బాంకు అప్పుతో కొనేవాడు రూపాయి రూపాయీ చూసుకోవలసిందే. అడిగే తగ్గింపుకు కారణాన్ని అమ్మేవాని ముఖం మీద చెప్పగలమా అన్నదే నా ప్రశ్న. స్లాబు పోయింది గనుక యింత తగ్గించండి అని ఎవరైనా అనగలరు. మీ ఆవిడకు జబ్బు గనుక యింత తగ్గించండి అని మా బంధువు అనలేడు. అందుకే స్లాబును చూపిస్తాడు.

మా కళాశాలలో ఒక లెక్చరర్ లింగంపల్లి స్టేషను దగ్గర పాత యిల్లొకటి వుండడానికే కొన్నాడు. మేస్త్రీ రాసిన పద్దుల కాగితాన్ని యింటాయన ముందు పెట్టి, అంత మేరకు తగ్గించమని అడిగాడు. ఆ పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, ప్రహరీ గోడ మొన్ననే కట్టించానని ఆ పద్దు కొట్టేశాడు. తరువాత కలం తీసుకుని, మెట్ల కింద వానకు నీళ్లు దిగుతాయి, మీ మేస్త్రీ చూడలేదు అంటూ అడుగున యింకొక పద్దు తానే చేర్చాడు.