సాగనంపని దేవుడు

పూజలందుకున్న విగ్రహం ప్రదర్శనశాలకు చేరాక అందులో దైవత్వం నిలిచి ఉంటుందా అన్న ప్రశ్న, ఉదయం లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం చూసి, సెయింట్ పాంక్రాస్‌లో యూరోస్టార్ రైలెక్కి, రెండుంబావు గంటల్లో పారిస్ చేరి, సాయంత్రంలోగా ఆసియా కళలకు నెలవైన గీమె మ్యూజియానికి వెళ్లే తెలుగు యాత్రికుడికి ఒకే రోజులో రెండు ఊళ్లలో ఎదురవుతుంది. చేతులు జోడించాలో, వెనక్కి కట్టుకుని చూడాలో అతడికి తేలదు.

హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేట్‌లో ఈ సందేహానికి చోటు లేదు. అచ్చుల్లో పీచు కలిపిన ప్లాస్టర్ పోసి, చేతులూ తొండమూ అతికించి, రంగులు వేసి, కళ్లు దిద్దిన వినాయకుడు అమ్ముడయ్యేదాకా సరుకే, కనుక ఆయన ముందే బేరమాడటం ఎవరికీ తప్పనిపించదు. మండపంలో ప్రాణప్రతిష్ఠ, అనగా మంత్రపూర్వకంగా దైవాన్ని విగ్రహంలోకి ఆహ్వానించే క్రియ, జరిగాకే ఆయన దేవుడు. ఉద్వాసన, అనగా ఆ దైవాన్ని సాగనంపే క్రియ, చెప్పి విగ్రహాన్ని కాస్త కదిలించాక నిమజ్జనానికి అడ్డులేదు.

గుడిలో స్థిరంగా నిలిపిన అచలమూర్తి సంగతి వేరు. పునర్నిర్మాణానికి సైతం కళాకర్షణ, అనగా మూర్తిలోని దివ్యకళను కలశంలోకి గాని మరో బింబంలోకి గాని ఆవాహన చేయడం, ఆగమాలు విధించిన క్రమం. యాదాద్రిలో 2016 నుంచి 2022 దాకా బాలాలయంలో, అనగా తాత్కాలిక ఆలయంలో, పూజలు సాగింది ఇందుకే. అపహరణకు అలాంటి క్రమం ఉండదు. తమిళనాడులోని పత్తూరు నుంచి తరలిపోయిన నటరాజు విషయంలో లండన్ అప్పీలు కోర్టు 1991లో, శిథిలమైన అక్కడి గుడినే దావా వేయగల వ్యక్తిగా అంగీకరించింది. న్యాయశాస్త్రం ఆగమానికి ఇంత దగ్గరగా రావడం అరుదు.

అమరావతి బౌద్ధస్తూపపు ఫలకాలు ఈ తర్కానికి లొంగవు. బ్రిటిష్ మ్యూజియంలోని ఒక ఫలకానికి ఒకవైపు క్రీస్తుపూర్వపు శిల్పంలో బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, రెండోవైపు మూడు శతాబ్దాల తరువాత చెక్కిన మహాస్తూపం కనిపిస్తాయి. అంటే భక్తులే పాత ముఖాన్ని లోపలికి తిప్పి, దాని వీపున కొత్త శిల్పం చెక్కించారు. వారి దృష్టిలో పవిత్రత స్తూపగర్భంలోని ధాతువుది, అనగా బుద్ధుని శరీరావశేషానిది; రాయి దానికి తొడుగు. అందుచేత ఆ ఫలకాన్ని శిల్పంగా చూసినంత మాత్రాన అపచారమేమీ లేదనే అనిపిస్తుంది.

గీమె మ్యూజియం స్థాపకుడు ఎమిల్ గీమె మతాల అధ్యయనానికి తూర్పు దేశాలకు బయలుదేరిన 1876లోనే, హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని కొన్నాడు. బైబిలులో ఇస్సాకు భార్య అయిన రిబ్కా ఆమె. ధూల్‌పేట్‌కు దగ్గరలోనే, మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ పాలరాతి బొమ్మ ముందు నిలిచే జనం ముసుగులోని పనితనానికి ముచ్చటపడతారే గాని మొక్కాలా వద్దా అని తటపటాయించరు, ఎందుకంటే దానికి ప్రతిష్ఠ జరగనే లేదు. పారిస్‌లో గీమె గదుల్లోని చోళుల నాటి కంచు నటరాజు ఏదో ఒక గుడి ఉత్సవాల్లో ఊరేగడానికి పోతపోసిన మూర్తి, ఆయనకు ఉద్వాసన చెప్పిన అర్చకుడు ఎవరూ చరిత్రలో కనిపించడు, కనుక అక్కడ చేతులు జోడించిన యాత్రికుడిని శాస్త్రం తప్పుపట్టలేదు.