మంచం ఎత్తు బొమ్మ

శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ పనివాడు ఉండేవాడు. 1957లో ఆ ఊళ్ళో తెరిచిన శిక్షణ కేంద్రంలో పని నేర్చుకున్న గురువు దగ్గర చిన్నప్పుడే చేరి, ఒక జీవితకాలం కలం పట్టాడు. గుళ్ళకు తెరలు రాశాడు, ఢిల్లీ ఎగ్జిబిషన్లకు పంపాడు. మధ్యలో పట్టాభిషేకం పెట్టి, చుట్టూ వరసలు తీర్చి, ఒక్కో వరస కింద తెలుగులో కథ రాస్తూ రామాయణమంతా ఒకే గుడ్డ మీదకు ఎక్కించడంలో అతన్ని మించినవాడు లేడని పేరు తెచ్చుకున్నాడు.

ఊరి చివర ఒక వృద్ధాశ్రమం ఉండేది. దానికి ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. పుట్టినరోజులకు భోజనాలు పెట్టేవాళ్ళు, తద్దినాలకు దుప్పట్లు పంచేవాళ్ళు. ఫ్యాన్లు ఇచ్చినవాళ్ళయితే రెక్క రెక్కకూ తమ పేరు ఎర్ర పెయింటుతో రాయించి మరీ ఇచ్చారు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు కనిపించదు, కనిపించాలంటే కరెంటు పోవాలి. మన ఊళ్ళలో ఈ చిక్కుకు ఇంతవరకూ ఎవరూ విరుగుడు కనిపెట్టలేదు. గోడలు మాత్రం బోసిగానే ఉండిపోయాయి. కింద మూడడుగులు ఆకుపచ్చ పెయింటు, ఆ పైన సున్నం.

ఆ గోడల కోసం ఒక పెద్ద తెర ఇవ్వాలని పనివాడికి బుద్ధి పుట్టింది. పని దగ్గర అతను ఏ లోటూ చేయలేదు. గాడా గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టాడు. పాలలోని కొవ్వు పట్టుకుంటేనే గీత పక్కకు పాకదు. చింతపుల్లల బొగ్గుతో ముందు బొమ్మ గీసుకున్నాడు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి కుండలో రోజుల తరబడి నానబెట్టిన కసింలో వెదురు కలం ముంచి, బొగ్గు గీతల మీద నల్లగీత దిద్దాడు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఒకసారి కసిం పడిందంటే ఆ నలుపు ఇక పోదు. ఎరుపు రావలసిన చోట్ల పటిక నీళ్ళు పెట్టాడు. గుడ్డను ఏట్లో జాడింపించి, ఎరుపునిచ్చే వేళ్ళతో కలిపి ఉడికించాడు. కరక్కాయ పువ్వుతో పసుపు వేశాడు, నీలిమందుతో నీలం వేశాడు. రంగుకూ రంగుకూ మధ్య మళ్ళీ పాలు, మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఎండ.

ఉతుకు అతను చేసే పని కాదు. స్వర్ణముఖిలో నీళ్ళు పారే రోజుల్లో అతని గుడ్డలను జాడించడానికి ఒకామె వచ్చేది. ఏళ్ళ తరబడి వచ్చింది. మోకాళ్ళు పట్టేశాక మానేసింది. ఆ తర్వాత ఆమె ఎక్కడుందో అతను అడిగింది లేదు, ఆమె జాగాలో ఇంకొకరు వచ్చారు.

తెర పూర్తయ్యాక కింది అంచులో, సీతారాముల పేర్ల కంటే కాస్త పెద్ద అక్షరాలతోనే, తన పేరు రాసుకున్నాడు. ఆశ్రమం మేనేజరు మురిసిపోయాడు. తలుపు తీయగానే కళ్ళబడేలా ముందు హాల్లో మేకులు కొట్టించి ఎత్తుగా కట్టించాడు. కొబ్బరికాయ కొట్టారు, శాలువా కప్పారు, పేపర్లో ఫొటో పడింది.

కొన్నాళ్ళకు పై ఊరి నుంచి ఎవరో కొనుగోలుదార్లు వస్తే, ఆ తెర చూపించడానికి వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాడు. వాళ్ళు ఫొటోలు తీసుకుంటుండగా లోపలి నుంచి ఆయా వచ్చింది. వెనక గదిలో ఒక ముసలామె, తెర రాసినాయన వచ్చాడని తెలిసి ఒకసారి రమ్మంటోందని చెప్పింది.

వెనక గదిలో లేవలేనివాళ్ళను ఉంచేవాళ్ళు. కిటికీ పక్క మంచంలో ఉన్నది ఏట్లో గుడ్డలు జాడించిన ఆమె. అతని తెర హాల్లో ఉందని ఆమెకు తెలుసు. ఆమె ఆశ్రమంలో చేరిన రోజున హాలు దాటే లోపలికి వచ్చింది గాని అప్పటికి తెర లేదు. మళ్ళీ ఆ హాలు ఎప్పుడు దాటుతుందో, ఎలా దాటుతుందో ఆమెకు తెలియని సంగతి కాదు. అందుకని వచ్చిపోయేవాళ్ళను పట్టుకుని తెరలో ఏముందని అడుగుతూ వచ్చింది. ఒకరు రాముడు ఉన్నాడన్నారు. ఒకరు ఎర్రగా ఉందన్నారు. ఒకరు చాలా పెద్దదని చేతులు చాపి చూపించారు. ఎక్కువమందికి గుర్తున్నది మాత్రం అంచున ఉన్న పేరు.

పనివాడు అప్పటికప్పుడు తెర విప్పించి ఆ గదిలో కట్టించాడు. లాభం లేకపోయింది. మనుషులు దగ్గరగా నిలబడి, వరస వెంబడి నడుస్తూ చూడడానికి రాసిన తెర అది. వేలెడేసి బొమ్మలు, గోటంత అక్షరాలు. మంచంలో ఉన్న కళ్ళకు ఎర్రని గుడ్డగా తప్ప ఏమీ ఆనలేదు. ఆమె బాగుందనే చెప్పింది. అలా చెప్పడం విని అతను ఇంకా కుంగిపోయాడు. తెర తిరిగి హాల్లోకి వెళ్ళింది.

మర్నాడు ఒక్కడే వచ్చి, ఆ గదిలో ఖాళీగా ఉన్న మంచం మీద పడుకున్నాడు. ఆయా నవ్వింది. మేనేజరుకు ఒంట్లో బాగాలేదేమోనని అనుమానం వచ్చింది. సాయంత్రం దాకా అతను లేవలేదు. వెల్లకిలా పడుకుంటే ఫ్యాను కనిపించింది, కరెంటు పోయినప్పుడు దాత పేరు కూడా కనిపించింది. కిటికీలోంచి ఎదురింటి డాబా మీది నీళ్ళ ట్యాంకు, కాస్త ఆకాశం కనిపించాయి. ఒత్తిగిలితే కంటికి ఎదురుగా ఆ మూడడుగుల ఆకుపచ్చ పెయింటు. రోజులో ఎక్కువసేపు వాళ్ళు చూసేది దాన్నేనని అతనికి అర్థమైంది. 1984లో అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు సైన్స్ పత్రికలో ఒక సంగతి రాశాడు. ఆపరేషన్ అయ్యాక కిటికీలోంచి చెట్లు చూస్తూ పడుకున్నవాళ్ళు, ఇటుక గోడను చూస్తూ పడుకున్నవాళ్ళ కంటే ముందుగా ఇంటికి వెళ్ళారట. పనివాడు అది చదివినవాడు కాడు. చదివినా ఆ గదికి అది సరిగ్గా అతకదు, అక్కడివాళ్ళెవరూ ఇంటికి వెళ్ళడానికి వచ్చినవాళ్ళు కారు.

అతను ఆకుపచ్చ పెయింటు ఉన్నంత మేరా కొలత తీసుకున్నాడు. పొడవాటి గుడ్డ కోసి, ఈసారి మూరెడేసి మనుషులను గీశాడు. రామాయణం జోలికి పోలేదు. ఆమెకు నచ్చుతుందని స్వర్ణముఖిని, ఇసుకలో ఆరేసిన గుడ్డలను, నీళ్ళలో నిలబడి జాడిస్తున్న ఆడమనిషిని గీశాడు. కసిం పడితే ఇక మార్చడానికి లేదు కనుక, బొగ్గు గీతల మీద ఉండగానే గుడ్డను గదిలోకి తెచ్చి మంచాల ఎత్తున పరిచి పట్టించాడు.

ఆమె చూడగానే తప్పు పట్టింది. పటిక పెట్టిన పెద్ద గుడ్డను ఒక్క మనిషి జాడించలేదని, ఇద్దరు చెరో అంచు పట్టుకుని పారే నీటికి వదలాలని, ఎక్కడైనా ముడత పడి పటిక నిలిచిపోతే తర్వాత అక్కడ అక్కరలేని ఎరుపు తేలుతుందని చెప్పింది. ఇన్నేళ్ళూ ఒడ్డున నీడలో కూర్చున్న అతనికి ఆ రెండో మనిషి ఎప్పుడూ కళ్ళబడలేదు. బొగ్గు దులిపి, రెండో ఆమెను గీశాడు.

దాంతో గదిలో మిగతావాళ్ళకూ నోరు వచ్చింది. ఇసుకలో నిలబడితే గుడి కనిపించాలి కదా అని ఒక ముసలాయన అడిగాడు. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. దాని స్థానంలో కొత్తది కట్టారు. ముసలాయనకు పాతదే కావాలి, అదీ కూలకముందు దాని మీదున్న పగులుతో సహా కావాలి. పక్క మంచం ఆయన ఒప్పుకోలేదు. దేవుడి గోపురాన్ని పగులుతో రాయకూడదన్నాడు. ఆ తగాదా తేలడానికి చాలా రోజులు పట్టింది, చివరికి పగులే గెలిచింది. ఇంకొకామె ఒడ్డున గొంగళి కప్పుకుని కూర్చున్న పిల్లవాణ్ణి పెట్టమంది. ఎవరని అడిగితే చెప్పలేదు. పనివాడు మళ్ళీ అడగకుండా పెట్టాడు.

బొమ్మకు కసిం పడింది, రంగులు పడ్డాయి, గుడ్డ గోడకు ఎక్కింది. మేనేజరు వచ్చి అంచంతా వెతికి, పేరు ఏదని అడిగాడు. పనివాడు చోటు లేదన్నాడు. నిజంగానే లేదు. పేరు రాద్దామనుకున్న మూలలో కుక్క ఉండాలని చివరి నిమిషంలో గదంతా పట్టుబట్టింది.

హాల్లో తెర ఎదుట దాతలు ఫొటోలు దిగుతూనే ఉన్నారు. వాళ్ళలో చాలామంది వెనక గది దాకా రాలేదు. అక్కడ మాత్రం, అంతకుముందు భోజనం వేళకు తప్ప మాటే వినిపించని మంచాల మధ్య, గోపురం పగులు అంత కిందికి ఉండేదా లేదా అని వాదన నడుస్తూనే ఉంది.

నీతి: ఆశ్రమానికో ఆసుపత్రికో బొమ్మ ఇవ్వడం మంచి పనే, వచ్చిపోయేవాళ్ళు మెచ్చుకుంటే అందులో తప్పూ లేదు. కానీ ఆ గోడను రోజంతా చూసేది ఎవరో, ఏ ఎత్తు నుంచి చూస్తారో, దాని మీద ఏముంటే బాగుంటుందని అనుకుంటున్నారో అడగకుండా ఇచ్చినది వాళ్ళకు చేరదు. ఇవ్వదలచినవాళ్ళు ముందు వాళ్ళ మంచం మీద ఒక పూట పడుకుని చూడాలి, గీసిన బొమ్మను వాళ్ళు తప్పుపట్టగలిగినంత కాలం బొగ్గు గీతల్లోనే ఉంచాలి.